వెనక దీపంలో బియ్యపు గింజ

నా ఉద్యోగ జీవితమంతా కార్ల వెనకవైపే గడిచింది. ఇంజను పనివాళ్ళు బానెట్టు ఎత్తి దర్జాగా నిలబడితే, నేను బండి వెనక నేల మీద చతికిలబడి, నోట టార్చిలైటు కరిచిపట్టుకొని, తుప్పు పట్టిన స్క్రూలతో కుస్తీ పట్టేవాణ్ణి. బోర్డు మీద మోటారు కరెంటు మేస్త్రి అని రాయించుకొన్నా, చింతామణి ఊళ్ళో నా పేరు లైట్లాయనే. అందులో నాకు చిన్నతనమేమీ తోచలేదు.

ఈ కాలం పిల్లలు మీరు. కారు వెనక దీపం చెడితే డబ్బాకు డబ్బా తీసేసి కొత్తది తగిలిస్తారు. తప్పని నేననను. మా రోజుల్లో కొత్త డబ్బా దొరికేది కాదు, అందుకని పాత డబ్బాలో ఏముందో విప్పి చూడవలసి వచ్చేది. చూడవలసినవాడు చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. ఆ చూడనివాణ్ణి నేనే.

మైసూరు రాజ్యమనే పేరు ఇంకా ఉన్న రోజులు. నాకు ఇరవై ఆరేళ్ళు ఉంటాయేమో. మా వర్క్‌షాపు చింతామణిలో బస్సులు తిరిగే దారి పక్కన రేకుల కొట్టం. యజమాని ఇంజను మేస్త్రి. బండి వీధి మలుపు తిరిగే చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పగల మనిషి. కరెంటంటే మాత్రం ఆయనకు హడలు. ఆరు వోల్టుల బ్యాటరీ దగ్గరికి కూడా చేతులు రెండుసార్లు తుడుచుకొని వచ్చేవాడు. అందుకే నన్ను పెట్టుకొన్నాడు. రోజుకు రెండుసార్లైనా నా పనిని వెక్కిరించేవాడు, సాయంత్రం టీ మాత్రం తన లోటాలోంచే సగం పోసేవాడు.

మా దగ్గరికి వచ్చే బండ్లలో నాకు బాగా ఇష్టమైనది ఒక శెట్టిగారి నల్లకారు. యుద్ధానికి ముందు ఇంగ్లండులో తయారైనది. పక్కన కాలు పెట్టి ఎక్కే పలక, వెనక స్పేరు చక్రం, కుడివైపు గిన్నెంత వెనక దీపం ఒకే ఒకటి. ఆ కాలపు కార్లకు చాలావాటికి అంతే. ఒకవైపు ఎర్ర గాజు, కింద నంబరు పలక మీద వెలుగు పడడానికి చిన్న తెల్ల గాజు. శెట్టిగారిది చింతపండు, శెనక్కాయల వ్యాపారం. వారంలో నాలుగు రోజులు ఆ కారు బాగేపల్లికో, చిక్కబళ్ళాపురానికో పోయి దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చేది.

దాని డ్రైవరు పక్కనున్న మురుగమల్ల ఊరి మనిషి, సాయిబు. బండి కొన్న రోజు నుంచి పదిహేనేళ్ళుగా ఆయనే. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద, నేను అన్నా అనేవాణ్ణి. మాట తక్కువ. పొద్దువాలే వేళకు బండి తీసుకొని పోవలసి ఉంటే మా కొట్టం ముందు ఆపి, స్విచ్చి వేసి, చెయ్యి బయట పెట్టి ఒకే మాట అడిగేవాడు.

"వెనక చూడప్పా. వెలుగుతాండాదా?"

డ్రైవరుకు ముందున్నదంతా కనిపిస్తుంది. తన వెనక దీపం ఒక్కటే కనిపించదు. దానికి ఇంకొక మనిషి కళ్ళు కావాలి. నేను స్పానరు కింద పెట్టకుండానే తల వంచి చూసి, "వెలుగుతాండాది, పో అన్నా," అనేవాణ్ణి. ఆయన చెయ్యి లోపలికి తీసుకొని పోయేవాడు. మా స్నేహమంతా ఆ రెండు మాటలే.

ఒక ఏడు వానాకాలంలో ఎద్దుల బండి కాడి తగిలి ఆ ఎర్ర గాజు పగిలింది. బెంగుళూరులో పాత సామాన్ల సంతంతా గాలించి అలాంటిదే ఒకటి సంపాదించాను. సంపాదించిన సంతోషంలో ఉన్నాను కాబట్టి బిగించేటప్పుడు ఒక చిన్న సంగతి వదిలేశాను. గాజుకూ గిన్నెకూ మధ్య బెండుతో చేసిన వాషరు ఉండేది. నేను ముట్టుకోగానే అది పొడిపొడి అయి రాలిపోయింది. అది లేకపోయినా గాజు బిగుసుకొంది. ఇక చాల్లే అనుకొన్నాను. ఈ చాల్లే అన్న మాటను మీరు గుర్తుపెట్టుకోండి.

రెండు నెలలు తిరక్కుండానే దీపం ఆరిపోవడం మొదలైంది. డ్రైవరు వచ్చేవాడు, నేను గాజు విప్పి బల్బు మార్చేవాణ్ణి, దీపం ఠక్కున వెలిగేది. పోయిన బల్బును ఒక రేకు డబ్బాలో పడేసేవాణ్ణి. మూడు వారాలకు మళ్ళీ వచ్చేవాడు. మళ్ళీ బల్బు. ఒకసారి ఆయన గాజులోకి తొంగి చూసి, "లోపల తడి ఉండాది చూడప్పా," అన్నాడు.

"బల్బు పోయిండాదన్నా. నాసి సరుకు వస్తాండాది ఈ నడుమ," అన్నాను నేను. పనిలో ఉన్నవాడికి సలహా చెబితే ఎట్లా ఉంటుందో మీకు తెలుసు కదా. ఆయన ఇక ఆ మాట ఎత్తలేదు.

నాలుగోసారి దీపం ఆరినప్పుడు కారు చిక్కబళ్ళాపురం పొలిమేరలో ఉంది. పోలీసు జవాను చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల శెట్టిగారితోపాటు కొత్తగా వియ్యమందబోయేవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు జవాను కన్నడంలో పెట్టిన చీవాట్లు శెట్టిగారికి చాలా రోజులు అరగలేదు. అప్పుడే డ్రైవరుకు మొదటి హెచ్చరిక పడింది. నేను బల్బు మార్చాను.

అయిదోసారి సంగతి చీవాట్లతో పోలేదు. బాగేపల్లి నుంచి వస్తుంటే, గుట్టల నడుమ దారి ఇరుకైన చోట, మసక చీకట్లో వెనక నుంచి లారీ ఒకటి వచ్చింది. కారు కనబడింది ఆఖరు క్షణంలో. బ్రేకు కొట్టి, లారీ పక్కకు కోసుకొని గుంతలోకి దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లారీ మూతికీ కారు స్పేరు చక్రానికీ మధ్య జానెడు సందు కూడా లేదని శెట్టిగారు చెయ్యి చాపి చూపించేవారు. 

మర్నాడు, అంటే గురువారం, నన్ను అంగడికి పిలిపించారు. శెట్టిగారు మెత్తల మీద కూర్చుని ఉన్నారు. డ్రైవరు గడప ఇవతల నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, అయిదు తూర్లు రిపేరు చేస్తివి. యాడ ఉండాది తప్పు? నిజం చెప్పు," అన్నారు.

నేను అప్పుడే కారు వెనక వంగి గాజు విప్పి, అయిదో బల్బు మార్చి వచ్చాను. గిన్నె అడుగున నీళ్ళు, పసుప్పచ్చటి తుప్పు. అయిదుసార్లు బల్బు మార్చినవాడికి తన తప్పు కాదని చూపించే దారి ఒకటి కనబడితే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

"లోపల నీళ్ళు పోయిండాయి శెట్టిగారూ. బండి కడిగేటప్పుడు చూసుకొని కడగల్ల. బిందెలు బిందెలు కుమ్మరిస్తే ఏ దీపమూ నిలవదు," అన్నాను.

బండి కడిగేది డ్రైవరే. శెట్టిగారు ఆయనవైపు తిరిగి, "ఏమి సాయిబూ, ఏమంటావు?" అన్నారు.

డ్రైవరు నావైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నేను తట్టుకొని ఉందును. కోపం లేదు. "నాదే తప్పు శెట్టిగారూ," అన్నాడు. నడుముకు కట్టుకొన్న బండి తాళం చెవి విప్పి, గడప మీద పెట్టి, చెప్పులు తొడుక్కొని బస్సుల వైపు నడిచిపోయాడు. పదిహేనేళ్ళ కొలువు అంతసేపట్లో ముగిసిపోయింది. శెట్టిగారు కూడా అంత తొందరగా ముగుస్తుందని అనుకొన్నట్టు లేదు, తాళం చెవి వైపు చూస్తూ ఉండిపోయారు.

దీపం గిన్నెను ఊడదీసి కొట్టానికి తెచ్చుకొన్నాను. శుభ్రం చేస్తుంటే బల్బు కూర్చునే గూడులో పసుప్పచ్చటి మడ్డిలో ఒక బియ్యపు గింజ ఇరుక్కొని ఉంది. మా యజమాని మేస్త్రికి చూపించాను.

"ఎలుక పెట్టుకొని ఉంటాది," అన్నాడాయన.

"మూత బిగించిన దీపంలోకి ఎలుక యాడ నుంచి వస్తాది?"

"అది నీ డిపార్ట్‌మెంటు. నాకు ఇంజను సంగతి అడుగు."

నాకు మనసు కుదురుగా లేదు. ఊరికే, చేతికి పని కావాలని, పోయిన బల్బులు వేసిన రేకు డబ్బా దించాను. శెట్టిగారి కారు బల్బులు ఆ సైజువి అయిదు ఉన్నాయి. ఒకదాన్ని బ్యాటరీకి తగిలించాను. వెలిగింది. రెండోది తగిలించాను. అదీ వెలిగింది. అయిదూ వెలిగాయి.

ఎందుకో చెబుతాను. కరెంటుకు పోయే దారీ కావాలి, తిరిగి వచ్చే దారీ కావాలి. పోయే దారి వైరు. వచ్చే దారి బండి ఒళ్ళే, దాన్ని ఎర్తు అంటాం. బల్బు కూర్చునే గూడు తుప్పు పడితే ఆ వచ్చే దారి మూసుకుపోతుంది. బల్బు తిప్పి తీసి, ఇంకొకటి తిప్పి పెడితే, ఆ తిప్పుడుకే తుప్పు గీరుకుపోయి దారి తెరుచుకొంటుంది. దీపం వెలుగుతుంది. అప్పుడు పనివాడు, చూశావా, బల్బే పోయింది అనుకొని చేతులు దులుపుకొంటాడు. పాత బల్బును ఒక్కసారి వెలుతురుకు పెట్టి చూసి ఉంటే మొదటిసారే తెలిసేది. నేను ఒక్కసారీ చూడలేదు. మేస్త్రి నా వెనక నిలబడి అయిదు బల్బులూ వెలగడం చూశాడు. అంత వెక్కిరించే మనిషి ఆ పూట ఒక్క మాటా అనలేదు, అది ఇంకా బాధగా ఉండింది.

అయినా నీళ్ళు పోసింది డ్రైవరే కదా అని ఒక మూల పట్టుకొని వేలాడుతూనే ఉన్నాను. మర్నాడు శుక్రవారం పొద్దున్నే గిన్నెను గుడ్డలో చుట్టుకొని శెట్టిగారి ఇంటికి పోయాను. అంత పొద్దున ఆ ఇంటికి పోవడం అదే మొదలు. కారు పెరట్లో రేకుల కింద ఉంది. దాని వెనక, చేతిలో తట్ట, పక్కన రాగిచెంబు పెట్టుకొని శెట్టిగారి తల్లి నిలబడి ఉంది. ఊరంతా అవ్వ అని పిలిచే మనిషి. ఒంగిన నడుము, నెరిసిన తల, నుదుట రూపాయంత విభూతి.

"ఏదప్పా దీపం? పొద్దున్నుంచి నిలబడుకోనుండా," అంది.

"తెచ్చినా అవ్వా."

"బిగించు బిగించు. పొద్దెక్కుతాండాది."

బిగించాను. ఆమె ముందుకొచ్చింది. ఆవుకు పూజ చేసేటప్పుడు మనవాళ్ళు వెనకతట్టున తాకి కళ్ళకద్దుకొంటారు, లక్ష్మి అక్కడ ఉంటుందని. అవ్వ కారుకూ అదే పద్ధతి పెట్టింది. చెంబులో పసుపు నీళ్ళు దోసిట్లోకి తీసుకొని దీపం మీద పోసింది. మూడు దోసిళ్ళు. కుంకుమ పెట్టింది. గుప్పెడు అక్షింతలు వేసింది. నీళ్ళు గాజు అంచు పట్టుకొని జారి, బెండు వాషరు ఉండవలసిన సందులోంచి లోపలికి పోవడం నేను అడుగు దూరంలో నిలబడి చూశాను. నీళ్ళ వెంట ఒక బియ్యపు గింజ కూడా పోయింది.

 "ఎన్నాళ్ళుగా చేస్తాండావు అవ్వా ఇట్ల?" అని అడిగాను.

"బండి వచ్చిన దినం నుంచీ. ప్రతి శుక్రవారమూ."

"ముందర చేయవా?"

"ముందర ఏముండాదప్పా. ముందర వచ్చేది మన కండ్లకే కనబడతాది." ఆమె తట్ట కింద పెట్టింది. "మా ఇంటాయన బాగేపల్లి నుంచి శెనక్కాయల బండి తోలుకొని వస్తాండె. బండి కింద కట్టిన లాంతరు గాలికి ఆరిపోయిండె. వెనక నుంచి బస్సు వచ్చె. ఆయన పోయినాంక పన్నెండేండ్లకు ఈ కారు వచ్చింది. అందరూ ముందర టెంకాయ కొడతాంటే నేను వెనక్కి వచ్చి, ఈ ఎర్రది ఏమప్పా అని సాయిబును అడిగితిని. వెనక వచ్చేవాళ్ళకు మనం కనబడల్ల గదా అవ్వా, దానికి పెట్టిండారు అనె. అప్పుడే అనుకొంటి, మనకు దేవుడు ఈడనే ఉండాడని."

"డ్రైవరు చూస్తాడా ఈ పూజ?"

"చూడకుండా? చెప్పులు విడిచి ఆడ నిలబడుకోనుంటాడు. అయినాంక గుడ్డ తీసుకొని తుడుస్తాడు. తుడిచి తుడిచి చాలాసేపు తుడుస్తాడు పాపం. ఈ పొద్దు ఏల రాలేదో."

ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అక్కడ నిలబడి నేను లెక్క సరిచూసుకొన్నాను. పదిహేనేళ్ళుగా ఆమె నీళ్ళు పోస్తూనే ఉంది, దీపం వెలుగుతూనే ఉంది. ఆరడం మొదలైంది నేను గాజు మార్చిన తరువాత. తప్పు నీళ్ళది కాదు, నీళ్ళు పోసిన చేతిది కాదు, బండి కడిగినవాడిది అంతకంటే కాదు. వాన వస్తే తడవని దీపం చేసిపెట్టడమే నా పని. నేను చాల్లే అని వదిలేసిన ఆ వేలెడు వాషరు వల్ల ఒక పెద్దమనిషి ఇంటికి పోయి కూర్చున్నాడు. అంత సిగ్గు నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

శెట్టిగారు అంగడికి బయలుదేరుతూ పెరట్లోకి వచ్చారు. నేను దాచిపెట్టలేదు. "తప్పు నాది శెట్టిగారూ. గాజు మార్చినప్పుడు వాషరు పెట్టలేదు. నీళ్ళు పోతాండాయి. బల్బులన్నీ బాగుండాయి, నేను చూడకనే మారుస్తా వస్తిని. డ్రైవరుది ఏమీ లేదు," అన్నాను. పూజ మాట ఎత్తలేదు.

ఆయన ముఖం ఎర్రబడింది.  "అట్లయితే ఆ మనిషి తనదే తప్పని ఏల ఒప్పుకొనె?" అన్నారు.

జవాబు అవ్వకు దొరికింది.  ఆమె మా ఇద్దరినీ చూసి, కారు వెనక కారుతున్న పసుపు నీళ్ళను చూసి, మెల్లగా రేకుల స్తంభం పట్టుకొంది.

"సాయిబును పనిలోంచి తీసేస్తివా నాయనా?" అంది కొడుకుతో. ఆయన తల పక్కకు తిప్పుకొన్నారు. "శుక్రవారం శుక్రవారం ఆ దీపాన్ని ఆర్పింది నేనా అయితే?"

ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరి వెనకా ఎవరూ చీకట్లో రాకూడదని మొక్కిన చెయ్యి అది. "నువ్వు కాదవ్వా. నేను సరిగ్గా బిగించింటే నువ్వు చెరువు తెచ్చి పోసినా ఆరదు," అన్నాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. కొంగుతో ముక్కు తుడుచుకొని చాలాసేపు ఆలోచించింది.

"రెండో పక్క కూడా ఒగ దీపం పెట్టేదానికి అయితాదా?" అని అడిగింది.

"అయితాది."

"అయితే పెట్టప్పా. ఒగటి నాకు, ఒగటి రోడ్డుకు."

శెట్టిగారికి నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయారు. తాళం చెవి నా చేతిలో పెట్టి, "పోయి పిల్చుకొని రా. నేను రమ్మన్నానని చెప్పు. కాదు, అవ్వ రమ్మందని చెప్పు," అన్నారు.

మురుగమల్లకు బస్సులో పోయాను. మధ్యాహ్నం నమాజు అయి జనం బయటికి వస్తున్నారు. ఆయన నన్ను చూసి, ఏమీ జరగనట్టు, ఇంటికి తీసుకుపోయి మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించాడు. నేను తల వంచుకొని అంతా చెప్పాను. అయిదు బల్బులూ వెలిగిన సంగతి కూడా చెప్పాను. ఆ మాట దగ్గర మాత్రం ఆయన మీసం కొంచెం కదిలింది.

"నీకు నీళ్ళ సంగతి తెల్సు గదన్నా. శెట్టిగారికి ఏల చెప్పలేదు?"

"చెప్తే అవ్వను మానిపిస్తాడు."

"మానిపిస్తే మానిపించనీ. నీ కొలువు పోయె గదా."

ఆయన మజ్జిగ లోటా నా చేతిలోంచి తీసుకొని కింద పెట్టాడు. "నేను బండెక్కి పోతే నా ముందర ఏముండాదో నాకు తెలుస్తాది. నా వెనక ఏముండాదో తెలీదు. పదిహేనేండ్లుగా ఒగ ముసలామె నా వెనక కోసరం మొక్కుతాండాది. నా తల్లి కూడా అంత చేయలేదు. కొలువు ఇంకొకటి వస్తాది. అది యాడ దొరుకుతాది తమ్ముడూ?"

 తాళం చెవి ఇచ్చాను. ఆయన దాన్ని నడుముకు కట్టుకొన్నాడు. ఇద్దరం కలిసి సాయంత్రం బస్సు ఎక్కాం.

తరువాత రెండు రోజులు ఆ కారు మా కొట్టంలోనే ఉంది. లారీ ట్యూబు కోసి గాజుకు రబ్బరు వాషరు చేశాను, గూడు ఇసుక కాగితంతో తోమాను, బండి ఒళ్ళును నమ్ముకోకుండా ఎర్తుకు వేరే వైరే లాగాను. ఎడమవైపుకు పాత బస్సుది ఒక దీపం సంపాదించి బిగించాను. రెండూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయని మేస్త్రి మళ్ళీ వెక్కిరించడం మొదలుపెట్టాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అవ్వ తన మాట ప్రకారం కుడి దీపానికే పూజ చేసింది, మూడు దోసిళ్ళ నీళ్ళతో. మూడేళ్ళ తరువాత ఒక దీపం ఆరింది. ఆరింది రోడ్డు దీపం. అవ్వ దీపం బండి అమ్మేదాకా ఆరలేదు. దీనికి కారణం రబ్బరు వాషరని నేను ఎంత చెప్పినా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు, నేనూ గట్టిగా వాదించలేదు.

డ్రైవరు ఇంకో పదేళ్ళు ఆ బండి తోలాడు. పొద్దువాలే వేళ కొట్టం ముందు ఆపి చెయ్యి బయట పెట్టేవాడు. ఆ గురువారం తరువాత నేను స్పానరు కింద పెట్టి, లేచి, బండి వెనక్కి నడిచి, రెండు దీపాలనూ చూసిన తరువాతే మాట చెప్పేవాణ్ణి. ఆయనకు అది తెలుసు. అద్దంలో చూస్తూ ఆగి ఉండేవాడు.

ఇప్పుడు ఆయనా లేడు, అవ్వా లేదు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుంటాను. వీధిలో కారు పోతే ముందు దీపాలు నా కంటికి ఆనవు, పోయిన తరువాత వెనకవి కనిపిస్తాయి. నాకు తెలియకుండానే పెదవులు కదులుతాయట. తాత ఎవరితో మాట్లాడుతున్నాడని మనవరాలు అడిగింది మొన్న. ఎవరితోనూ కాదమ్మా అన్నాను. అప్పుడే ఇంకొక కారు పోయింది. వెలుగుతాండాది, పో అన్నా.